వెనక్కెళ్ళిన పెళ్ళికొడుకు

శారోన్‌ని చూడడానికి వచ్చిన పెళ్ళికొడుకు, వచ్చి అరగంటైనా ఆమె వైపు చూడలేదు.

వరండాలో కుర్చీలు వేశారు. ఒక పక్క శారోన్ తండ్రి సుందరరావు మాస్టారు, తల్లి, మామ్మ ఎలీసమ్మ కూర్చున్నారు. ఎదురుగా కొత్తపేట నుంచి వచ్చిన సువర్ణ గారు, ఆవిడ కొడుకు. కొడుకు పేరు న్యూటన్. రాజోలులో పశువుల డాక్టరు. శారోన్ అమలాపురంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. "పిల్ల ఫిజిక్సు చెబుద్ది, పిల్లాడి పేరు న్యూటను, ఇంకేం చూసుకోవాలండీ?" అంటూ సంబంధం తెచ్చిన పెద్దమనిషి ఆ ఒక్క పోలికతోనే రెండు కుటుంబాలనూ ఒప్పించేశాడు.

శారోన్‌కి పెళ్ళిచూపులు కొత్త కాదు. ఇదివరకు వచ్చినవాళ్ళలో ఒకతను రొయ్యల ఇగురు వచ్చా అని అడిగాడు. ఇంకొకతను ఉద్యోగం మానేస్తారా అని అడిగాడు. ఇతను అసలేమీ అడగడం లేదు. ఆమె ఎడమ భుజం మీదుగా పెరటివైపు చూస్తున్నాడు. మెల్లకన్నేమో పాపం అనుకుంది. కాసేపటికి అనుమానం వచ్చి తనూ వెనక్కి తిరిగి చూసింది.

పెరట్లో కొబ్బరికాయలు వలిచిన డొక్కలు పోసుకునే పాక ఉంది. ఆ డొక్కల గుట్టలోంచి గుండ్రటి హెడ్‌లైటు, ఒక హ్యాండిలు బయటికి కనిపిస్తున్నాయి. వాటి వెనకాల, సీటు మీద, ఒక కోడి కూర్చుని ఉంది.

"మీరేవైనా అడగాలనుకుంటే మొహమాటపడకండి బాబూ," అన్నాడు సుందరరావు.

న్యూటన్ గొంతు సవరించుకున్నాడు. "ఆ పాకలో ఉన్నది జావానాండీ?"

సువర్ణ గారు కళ్ళు మూసుకుంది. కొడుకు గురించి ఆవిడకి బాగా తెలుసు.

"ఆయ్, జావా మోటారుసైకిలేనండి," అంది శారోన్. "దాని మీదున్నది కోడండి."

"కోడి తెలిసిందండి. అవి నాకు రోజూ కనబడతాయి."

శారోన్‌కి నవ్వు ఆగలేదు. నోటికి పైట అడ్డం పెట్టుకున్నా భుజాలు ఊగిపోతున్నాయి. అది చూసి న్యూటన్ మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. చూసినవాడు మళ్ళీ పాకవైపు తిరగలేదు.

పెద్దవాళ్ళు కాఫీలు తాగుతుంటే ఇద్దరూ పాకలోకి వెళ్ళారు. ఆ బండి సుందరరావుది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరి దగ్గరో కొన్నాడు. తొంభై ఆరు తుపానుకి కొబ్బరిచెట్టు పడి పాక కూలింది. బండి వెనక మడ్‌గార్డు వంగింది, ఇంజన్లోకి నీళ్ళు వెళ్ళాయి. ఆ తరవాత స్కూటరు వచ్చింది, శారోన్ పుట్టింది, బండి అలాగే ఉండిపోయింది. అమ్మడానికి ఆయనకి మనసొప్పలేదు, బాగుచేయించడానికి తీరిక చిక్కలేదు. పాక మాత్రం మళ్ళీ వేశారు.

న్యూటన్ గొంతుక్కూర్చుని జేబురుమాలుతో ట్యాంకు మీద ఒక చోట తుడిచాడు. దుమ్ము కింద నుంచి నేరేడుపండు తొక్కలాంటి రంగు కనిపించింది.

"బాగవుద్దంటారా?" అంది శారోన్.

"మీకు ఇష్టవైతేనండి."

"దేనికి?"

న్యూటన్ లేచి నిలబడ్డాడు. "రెండింటికీనండి."

శారోన్ కోడిని చూసింది, బండిని చూసింది, అతన్ని చూసింది. "ఆయ్," అంది.

*

ప్రధానం అయిపోయింది, ఉంగరాలు మార్చుకున్నారు. పెళ్ళి వేసవి సెలవుల్లో పెట్టుకున్నారు. ఈలోగా ప్రతి ఆదివారం ఆరాధన కాగానే న్యూటన్ వచ్చి శారోన్‌తో కలిసి బండి పని చేస్తాడని తెలిసి సుందరరావు ఇబ్బంది పడ్డాడు. ఆయన హైస్కూలు హెడ్మాస్టరు. ప్రేయరుకి ఒక నిమిషం ఆలస్యమైతే తనే సిగ్గుపడే మనిషి.

"పెళ్ళి కాకుండా అల్లుడు ఇంటికొచ్చి కూర్చుంటే ఊళ్ళో ఏవనుకుంటారమ్మా?" అన్నాడు తల్లితో.

"కూర్చోడు కదరా, పని చేస్తాడు," అంది ఎలీసమ్మ. "అయినా నేనుంటాను కదా. నా మంచం ఆ పాకలో వేయండి."

అలా ఎలీసమ్మ నులకమంచం పాకలోకి వచ్చింది. కాపలా చాలా గట్టిగా కాస్తానని ఆవిడ అందరికీ చెప్పింది. స్పానరు చప్పుడు మొదలవగానే నిద్రపోయేది.

మొదటి ఆదివారం పనిముట్లన్నీ గోనెసంచి మీద పరిచి, మోచేతులదాకా చొక్కా మడిచి, న్యూటన్ సీటు మీది కోడి కిందకి చెయ్యి పోనిచ్చాడు. చెయ్యి వెనక్కి తీసుకుని నిట్టూర్చాడు.

"పొదుగులో ఉందండి. చిరిగిన సీట్లో గుడ్లు పెట్టేసింది. ఇప్పుడు కదిపితే గుడ్లు చెడిపోతాయి."

"మరేం చేద్దామండీ?"

"దాన్ని కదపకుండా మిగిలింది విప్పుదాం."

కోడిని కదపకుండా బండిని విప్పడం ఎంత కష్టమో వాళ్ళకి త్వరగానే తెలిసొచ్చింది. బండి కింద ఇటుకలు పేర్చి చక్రాలు తీశారు. హెడ్‌లైటు తీశారు, మడ్‌గార్డులు తీశారు. తన చుట్టూ ఒక్కొక్కటీ మాయమైపోతుంటే కోడి మెడ తిప్పి అన్నీ గమనించేది, న్యూటన్ చెయ్యి దగ్గరికొస్తే పొడిచేది. శారోన్ని మాత్రం ఏమీ అనేది కాదు.

"మండలంలో పశువులన్నీ మీ మాట వింటాయంట కదండీ," అంది శారోన్.

"పశువులు వింటాయండి. కోళ్ళు పక్షులు కదండీ," అన్నాడు న్యూటన్, వేలు నోట్లో పెట్టుకుని.

గుడ్లు పగిలి పిల్లలొచ్చాక ఆ కోడి వాటిని వెంటేసుకుని తోటలోకి వెళ్ళిపోయింది. అప్పుడు సీటు తీశారు. ఆ తరవాత అసలు కష్టం బయటపడింది. ఇంజన్ బిగుసుకుపోయి ఉంది. పిస్టన్ సిలిండరు లోపల తుప్పుతో అతుక్కుపోయింది. స్పానరుతో ఎంత తిప్పినా కదల్లేదు.

డీజిల్ పోసి నానబెట్టాలన్నాడు న్యూటన్. సిలిండరు చుట్టూ వేడి చేస్తే అది వ్యాకోచించి వదులుతుందని శారోన్ చెప్పింది. అప్పుడప్పుడూ చూసిపోదామని వచ్చి, పోకుండా అక్కడే నిలబడిపోయే సుందరరావు కిరసనాయిలే దారి అన్నాడు. మంచం మీద నుంచి ఎలీసమ్మ లేచి, "కొబ్బరినూనె పొయ్యండి. నా మోకాళ్ళకి అదే కదా పనిచేత్తంది," అంది. ఎవరి మాటా తీసేయలేక, స్పార్కుప్లగ్గు బెజ్జంలోంచి అన్నీ పోశారు. వారం పొడుగునా ఎవరు పాక పక్కనుంచి వెళ్ళినా తమకి నమ్మకమున్న నూనె నాలుగు చుక్కలు పోసి వెళ్ళేవారు.

తరవాతి ఆదివారం న్యూటన్ సిలిండరు మీద చెక్కముక్క ఆనించి నెమ్మదిగా కొడుతున్నాడు. శారోన్ పొడుగాటి గొట్టం తొడిగిన స్పానరు మీద బరువంతా వేసి వేలాడుతోంది. లోపల ఎక్కడో చిన్నగా టక్కుమంది.

"కదిలింది," అంది శారోన్, ఊపిరి బిగబట్టి. "నువ్వు ఆపకు. కొట్టు. నువ్వలాగే కొడతా ఉండు, నేను వదలను. ఇంకొంచెం వచ్చింది."

స్పానరు పావు చుట్టు తిరిగింది, సగం చుట్టు తిరిగింది. చివరికి పూర్తిగా తిరిగేసరికి శారోన్ డొక్కల గుట్టలో పడింది. ఇద్దరూ నల్లటి చేతులతో ఒకరినొకరు చూసుకున్నారు. న్యూటన్ చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వన్నారండి మీరు," అన్నాడు.

"అన్నానాండీ?"

"అన్నారండి. రెండుసార్లు." అతను చేతిలో చెక్కముక్కని అటూ ఇటూ తిప్పాడు. "బాగుంది."

ఎలీసమ్మ కళ్ళు మూసుకునే నవ్వింది. తను నిద్రపోతున్నాననుకోవడమే వాళ్ళకి మంచిదని ఆవిడ ఉద్దేశం.

పిస్టన్‌ని వదిలించింది ఏ నూనె అన్నది మాత్రం తేలలేదు. ఎలీసమ్మ చర్చిలో స్త్రీల కూడికలో కొబ్బరినూనె గురించి సాక్ష్యం చెప్పింది. సుందరరావు స్టాఫ్ రూములో కిరసనాయిలు గురించి చెప్పాడు. న్యూటన్, శారోన్ ఎవరితోనూ వాదించలేదు. వాళ్ళకి అంతకన్నా పెద్ద సంగతులున్నాయి. కొత్తగా పెళ్ళి కుదిరినవాళ్ళు ఫోన్లో ఏవేవో మాట్లాడుకుంటారు. వీళ్ళు ఒకరికొకరు కార్బ్యురేటరు ఫోటోలు పంపుకునేవారు. "ఎంత శుభ్రంగా ఉందో చూడు," అని అతను పంపితే, కాలేజీ వరండాలో నిలబడి ఆమె ఆ ఫోటోని పెద్దది చేసి చూసుకుని ముసిముసిగా నవ్వుకునేది. తోటి లెక్చరర్లు ఇంకేదో అనుకునేవారు.

రాజమండ్రిలో పాత బండ్ల సామాను అమ్మే కొట్టుకి వెళ్ళి న్యూటన్ పిస్టన్ రింగులు, పాయింట్లు, రబ్బర్లు తెచ్చాడు. బస్సులో వస్తూ ఆ సంచీని ఒళ్ళోనే పెట్టుకున్నాడట. పక్క సీటాయన స్వీట్లనుకుని ఏ ఊరివని అడిగాడట. వైరింగు మొత్తం శారోన్ చేసింది. భోజనాల బల్ల మీద తీగలు పరిచేసరికి ఇంట్లోవాళ్ళు వారం రోజులు కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. రంగు ఇద్దరూ కలిసి స్ప్రే చేశారు. గాలి ఎటు వీస్తోందో చూసుకోకపోవడం వల్ల బండికి ఎంత పడిందో న్యూటన్‌కీ అంత పడింది. మర్నాడు గేదెలకి టీకాలు వెయ్యడానికి వెళ్తే రైతు అతని మోచేతులు చూసి, "ఇదేం రోగవండీ డాక్టరుగారూ, గేదెలకి అంటుకోదు కదా?" అని అడిగాడు.

పెళ్ళి ఇంకో రెండు వారాలుందనగా బండి నిలబడింది. నేరేడు రంగు ట్యాంకు, దాని రెండు పక్కలా మెరిసే రేకు, రెండు పొడుగాటి సైలెన్సర్లు, కొత్త నల్ల సీటు. సుందరరావు దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇంట్లోకి వెళ్ళి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మళ్ళీ వచ్చాడు.

*

స్టార్ట్ చేసేది శనివారం సాయంత్రం అనుకున్నారు. ఎవరికీ చెప్పొద్దనుకున్నారు. ఎలీసమ్మ అందరికీ చెప్పింది. వాకిలి నిండిపోయింది. పాస్టరు గారు కూడా వచ్చి, బండి కోసం ప్రార్థన చేయడం ఇదే మొదటిసారి అంటూనే క్లుప్తంగా ప్రార్థన చేశారు.

బండిని వాకిట్లో ఇంటికి ఎదురుగా నిలబెట్టారు. దాని వెనక గేటు, గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే కాలువ. న్యూటన్ సీటు మీద కూర్చున్నాడు. జావాకి కిక్కు కొట్టే రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి లేపితే కిక్కు, కిందికి దించితే గేరు. అతను రాడ్డు లేపి ఒక తన్ను తన్నాడు. బండి దగ్గింది. రెండోసారి తన్నాడు. మళ్ళీ దగ్గింది. మూడోసారి తన్నేసరికి అది అతని కాలిని వెనక్కి తన్ని, ఆ ఊపులోనే స్టార్టయింది.

డుబుడుబుమనే చప్పుడుతో వాకిలంతా నీలం పొగ కమ్మేసింది. పొగలోంచి చప్పట్లు వినిపించాయి. సుందరరావు చప్పట్లు కొట్టడం శారోన్ పుట్టాక చూడలేదు. ఆమె కళ్ళు మండుతున్నాయి, నవ్వుతోంది, దగ్గుతోంది. న్యూటన్ ఆమె వైపే చూస్తూ, పెళ్ళిఫోటోలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని, మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాడు.

బండి వెనక్కి వెళ్ళింది.

అతనికి అర్థం కాలేదు. ముందుకి పోతుందని యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పాడు. అది ఇంకాస్త జోరుగా వెనక్కి వెళ్ళింది. వెనకున్న జనం రెండుగా చీలి దారిచ్చారు. గేటు దాటాడు. రోడ్డు దాటాడు. కళ్ళు పెద్దవి చేసుకుని శారోన్ వైపే చూస్తూ, వెన్ను కూడా వంచకుండా, చిన్నగా అయిపోతూ వెళ్ళాడు.

"అదేంటే శారోనూ," అంది ఎలీసమ్మ, "అల్లుడుగారు వెనక్కెళ్ళిపోతన్నారు."

బండి వెనక చక్రం గట్టు బురదలో దిగబడి ఆగిపోయింది. న్యూటన్ ఆగలేదు. కాలువలో గుర్రపుడెక్క మధ్య మెడదాకా మునిగి తేలాడు. కొబ్బరిగెలలు కట్టిన సైకిలు తోసుకుంటూ వస్తున్న దానం అనే అతను సైకిలు పడేసి చెయ్యి అందించాడు.

"దెబ్బలేవైనా తగిలాయాండీ డాక్టరుగారూ?"

"బండికేం కాలేదు కదండీ?" అన్నాడు న్యూటన్, తల మీద ఊదా రంగు పువ్వుతో.

శారోన్ పరుగెత్తుకుంటూ వచ్చి గట్టు మీద చతికిలపడింది. ఏం జరిగిందో ఆమెకి రోడ్డు దాటేలోపే తట్టింది. ప్లగ్గులో మెరుపు ఎప్పుడు రావాలో చెప్పే పాయింట్లు బిగించింది తనే. పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందు మెరుపు రావాలి. తను పెట్టిన కొలత వల్ల అది మరీ ముందు వచ్చింది. పైకి వెళ్తున్న పిస్టన్ని వెనక్కి నెట్టేసింది. టూ స్ట్రోకు ఇంజనుకి ఎటు తిరిగినా ఒకటే, వెనక్కి తిరగడం మొదలెట్టి హాయిగా తిరుగుతూ ఉండిపోయింది. ఇదంతా అతనికి చెప్పాలని ఆమె నోరు తెరిచింది. నవ్వు తప్ప మాట రాలేదు. చివరికి, "నాలుగు గేర్లున్నాయి నీకు, నాలుగూ వెనక్కే," అనగలిగింది. న్యూటన్ నీళ్ళలోంచి పైకి రావడం మానేసి తనూ నవ్వడం మొదలుపెట్టాడు. దానం ఇద్దరి వైపూ చూసి, సైకిలెత్తుకుని వెళ్ళిపోయాడు.

*

దానం తప్పేమీ లేదు. టీకొట్టు దగ్గర ఆగి ఉన్నదే చెప్పాడు. "మాస్టారి అల్లుడుగారు వెనక్కెళ్ళిపోయేరండి."

టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించారు. "వెనక్కెళ్ళిపోయేడా? శుభలేఖలు కూడా పంచేసేరు కదా," అన్నారు. ఆ మాట రాజోలు బస్టాండుకి చేరేసరికి, పెళ్ళికొడుకు వెనక్కి తగ్గాడన్నది ఖాయమైపోయింది. ఎందుకు తగ్గాడన్నదానికి ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. చీకటి పడేలోపు పెళ్ళి వంటలు ఒప్పుకున్న సింహాద్రి సుందరరావుకి ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మనసు కష్టపెట్టుకోకండి. అల్లుడుగారు వెనక్కెళ్ళిపోయేరని విన్నాను. నిజవేనాండీ?"

సుందరరావు అబద్ధమాడే మనిషి కాదు. "వెనక్కెళ్ళిన మాట నిజవే సింహాద్రీ. అందరం చూస్తుండగానే వెళ్ళేడు. ఏదో చిన్న లెక్క తప్పింది. సరిచేసుకుంటాం."

లెక్క తప్పిందంటే కట్నం దగ్గర తేడా వచ్చిందనుకున్నాడు సింహాద్రి. అలాగే నలుగురికీ చెప్పాడు. వాకిట్లో కళ్ళారా చూసినవాళ్ళు కూడా, బండితోపాటు సంబంధం కూడా వెనక్కెళ్ళిందేమో అనుకున్నారు.

మర్నాడు ఆదివారం. చర్చిలో శారోన్ ఎటు తిరిగినా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని, "దేవుడు ఇంకా మంచి దారి చూపిత్తాడమ్మా," అంటున్నారు. మొదట ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు పొంగుకొచ్చింది. ముసుగు ముఖం మీదకి లాక్కుని తల వంచుకుంది. భుజాలు కుదుపుతుంటే వెనక వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. న్యూటన్ రాకపోవడంతో వాళ్ళకి ఇక అనుమానమే లేకుండా పోయింది. అతను తెల్లారేసరికే ఒక ఆవు ఈనలేకపోతోందని కబురొస్తే వెళ్ళాడు. అతని ఫోను కాలువలోనే ఉంది.

కొత్తపేటలో సువర్ణ గారికి వార్త మూడో చేతి మీదుగా అందింది. కొడుక్కి ఫోన్ చేస్తే పలకదు. శారోన్ వాళ్ళకి ఫోన్ చెయ్యడానికి ముఖం చెల్లలేదు. ఎదురుపడి క్షమాపణ అడగడమే న్యాయమనుకుని ఆవిడ ఆటో మాట్లాడుకుని బయల్దేరింది. మధ్యాహ్నానికి వాకిట్లో దిగి, ఎదురొచ్చిన సుందరరావుని చూడగానే ఏడ్చేసింది.

"మా వాడిలా చేత్తాడనుకోలేదన్నయ్యగారూ. చిన్నప్పట్నుంచీ ఏదో ధ్యాసలో ఉంటాడు గానీ, మాట తప్పే పిల్లాడు కాదు."

"దాన్లో మా అమ్మాయి తప్పు కూడా ఉందమ్మా," అన్నాడు సుందరరావు. "పాయింట్లు అదే పెట్టింది."

"పిల్ల పాయింట్లు పెట్టినంత మాత్రాన వెనక్కెళ్ళిపోవడవేనాండీ? కూర్చుని మాట్లాడుకోవద్దా?"

అంతలో పాకలోంచి కొడుకు గొంతు వినిపించి సువర్ణ గారు ఆగిపోయింది. పమిటతో ముఖం తుడుచుకుంటూ అటు నడిచింది. పాకలో న్యూటన్, ఆవు దగ్గర్నుంచి నేరుగా వచ్చి, బండి పక్కన నేల మీద పడుకుని ఉన్నాడు. అతనికి ముఖం మీదా చేతుల మీదా మసి. శారోన్ మోకాళ్ళ మీద కూర్చుని టార్చి పట్టుకుని, "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆగు," అంటోంది.

"ఒరేయ్, ఎందుకురా వెనక్కెళ్ళేవు?" అంది సువర్ణ గారు.

"నేనెక్కడెళ్ళేనమ్మా, బండే తీసుకుపోయింది," అన్నాడు న్యూటన్ లేవకుండానే. "నువ్వెప్పుడొచ్చేవు?"

ఎలీసమ్మ మంచం మీద లేచి కూర్చుంది. ఆవిడే సువర్ణ గారిని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పింది. గేటు దగ్గర్నుంచి గుర్రపుడెక్క దాకా చేత్తో గీసి చూపించింది. సువర్ణ గారు మొదట నమ్మలేదు. తరవాత నమ్మింది. తరవాత పమిట ముఖానికి అడ్డం పెట్టుకుని మళ్ళీ ఏడుస్తున్నట్టు కనిపించింది గానీ, ఈసారి ఏడుపు కాదు. నవ్వి నవ్వి ఆయాసమొచ్చి నీళ్ళు తెప్పించుకుని తాగింది. తాగడం అవగానే ఆవిడ ముఖం గంభీరమైంది.

"నవ్వడం సరే పెద్దమ్మగారూ. ఊరంతా మా వాడు పెళ్ళి వద్దన్నాడనుకుంటన్నారు. దీనికేంటి దారి?"

"అయిపోయిందండి అత్తయ్యగారూ, సరిగ్గా పెట్టేసేను," అంది శారోన్, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. "ఈసారి ముందుకే వెళ్తుంది. మీరెక్కుతారా?"

సువర్ణ గారు బండిని చూసింది. కొడుకుని చూసింది. చెప్పులు విడిచి, పమిట బొడ్లో దోపుకుంది. "నడిపేది నువ్వా వాడా?"

"నేనేనండి."

"అయితే ఎక్కుతాను."

శారోన్ ఒక్క తన్నుతో స్టార్ట్ చేసింది. ఆమె గేరు వేస్తుంటే వాకిట్లో ఎవరూ ఊపిరి తీయలేదు. బండి ఒక్క క్షణం ఊగి, ముందుకి కదిలింది. కాబోయే కోడలు ముందూ, కాబోయే అత్తగారు వెనకా కూర్చుని గేటు దాటి రోడ్డెక్కారు. సువర్ణ గారు మొదట రెండు చేతులతో శారోన్ నడుం పట్టుకుంది. టీకొట్టు దగ్గరికి వచ్చేసరికి ఒక చెయ్యి వదిలి ఊపడం మొదలుపెట్టింది.

"వందనాలండి. పెళ్ళి ఉందండి. తప్పకుండా రావాలి," అంది, టీ తాగుతున్న మగవాళ్ళతో. గ్లాసులు పట్టుకున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

చర్చి ముందు ఆపించింది. "పాస్టరు గారూ, ఇది నా కోడలండి." సింహాద్రి ఇంటి ముందు ఆపించింది. "బిర్యానీలో మసాలా తక్కువేయించకు నాయనా, మా వాళ్ళు తింటారు." దానం రోడ్డు పక్కన కనిపిస్తే అతనికి కూడా చెప్పింది. "నాకు తెలుసు కదండీ, నేను చూసేను కదా," అన్నాడు దానం, ఏమీ అర్థం కాక. ఊరు అయిపోయింది. శారోన్ వేగం తగ్గించి, వెనక్కి తిరుగుదామా అని అడిగింది.

"ఎందుకమ్మా, రాజోలు ఎంతో దూరం లేదు కదా," అంది సువర్ణ గారు. "బస్టాండు దాకా పోనీ. అక్కడ మనవాళ్ళు చాలామంది ఉంటారు."

*

పెళ్ళి అనుకున్న రోజునే జరిగింది. చర్చి నుంచి తోటలో వేసిన షామియానా దాకా కొత్త దంపతులు జావా మీద రావాలని నిర్ణయం. తెల్ల పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని శారోన్ హ్యాండిలు పట్టుకుంది. సూటు వేసుకున్న న్యూటన్ ఆమె ముసుగూ పూలగుత్తీ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. బ్యాండువాళ్ళు ముందు నడిచారు. షామియానా దగ్గర బ్యాండు ఆగింది. బండి ఆగలేదు. బ్యాండువాళ్ళ పక్కనుంచి, పూలదండలతో నిలబడ్డ బంధువుల ముందు నుంచి, నీలం పొగ వదులుతూ వెళ్ళిపోయింది.

"ఆపడం మరిచిపోయేవా?" అన్నాడు న్యూటన్ ఆమె చెవిలో.

"లేదు. ఆపాలనిపించలేదు."

"అయితే పోనీ."

ఇద్దరూ సఖినేటిపల్లి రేవు దాకా వెళ్ళారు. గోదావరి దాటించే పంటు బయల్దేరబోతోంది. దాని మీద ఆటోలు, సైకిళ్ళు, మనుషులు. పెళ్ళిబట్టల్లో బండితో వస్తున్న ఇద్దరిని చూసి జనమే జరిగి చోటిచ్చారు. గోదావరి మీద గాలికి శారోన్ చీర కొంగు తెరచాపలా పొంగింది. చేపల తట్టతో కూర్చున్న ఒకామె తలెత్తి అడిగింది.

"ఎక్కడికమ్మా ఇలాగ?"

"తెలీదండి," అంది శారోన్.

ఆమెకి ఆ జవాబు నచ్చినట్టుంది. తట్ట పక్కకి జరిపి కూర్చోమంది. అవతల ఒడ్డున నరసాపురంలో దిగి, టీ తాగి, ఇద్దరూ మళ్ళీ అదే పంటు ఎక్కి వచ్చేశారు.

తిరిగొచ్చేసరికి విందు అయిపోయింది. వాళ్ళ కోసం చూసి చూసి, పిల్లలు ఆకలంటున్నారని వడ్డించెయ్యమన్నాడు సుందరరావు. సింహాద్రి డేగిసాలు గీకించి రెండు కంచాల్లో అన్నం, అడుగున మిగిలిన మసాలా వేసి ఇచ్చాడు. బోర్లించిన డేగిసా మీద పక్కపక్కనే కూర్చుని ఇద్దరూ ఆవురావురుమని తిన్నారు. ఎవరూ తిట్టలేదు. సువర్ణ గారు మాత్రం తనని కూడా తీసుకెళ్ళలేదని కోపంగా ఉంది.

కాసేపటికి సుందరరావు వచ్చాడు. ఇస్త్రీ పంచె, కండువా. ఒకసారి దగ్గాడు. "పెట్రోలు ఉందా అమ్మా దాన్లో?"

"సగం పైనే ఉంది నాన్నా. ఎందుకు?"

ఆయన వెనకాల శారోన్ తల్లి పట్టుచీరలో, చేతిసంచీ పట్టుకుని, ఎటో చూస్తూ నిలబడి ఉంది. సుందరరావు బండి స్టాండు తీసి, కండువా తలకి చుట్టుకుని, రాడ్డు లేపి ఒక తన్ను తన్నాడు. ఇన్నేళ్ళైనా కాలు మరిచిపోలేదు. శారోన్ తల్లి ఒక పక్కకి కాళ్ళు పెట్టి కూర్చుని ఆయన భుజం పట్టుకుంది. ఆడపెళ్ళివారి తరఫున చుట్టాలని సాగనంపాల్సిన పెద్దలిద్దరూ, చుట్టాలందరూ చూస్తుండగానే, కొబ్బరితోట మధ్య దారి పట్టుకుని డుబుడుబుమంటూ వెళ్ళిపోయారు.